విమానపు చప్పుడు - గుర్రపు బెదరు

ఏలూరు, తాడేపల్లిగూడెము రైలు స్టేషనుల ముంగిట జట్కాలు బారులు తీరి నిలిచిన దినములు గతించినవి. ఆ తావును మొదట రిక్షాలు, పిమ్మట ఆటోలు ఆక్రమించినవి. అయినను గుర్రము మన నడుమనుండి బొత్తిగా పోలేదు. పెండ్లి ఊరేగింపునకును, దేవుని ఉత్సవమునకును గుర్రమును పిలిపించుచునే యున్నాము. దానిని నమ్ముకొని బ్రతుకు కుటుంబములు ఇంకను కలవు. విశాఖ మన్యమున బండి పోలేని కొండదారులలో నేటికిని తట్టు గుర్రములు మూటలు మోయుచున్నవి.

ఇటు గుర్రములు తగ్గినవి గాని, అటు ఆకాశమున సందడి హెచ్చినది. ఒకనాడు విమానము చప్పుడు వినబడిన పిల్లలందరు వీధిలోనికి పరుగెత్తెడివారు. నేడు గన్నవరమునకు వచ్చిపోవు విమానములను ఎవ్వరును తలయెత్తి చూచుట లేదు. నాయకులు హెలికాప్టరులలో వచ్చి పాఠశాల మైదానములలో దిగుచున్నారు. వరదలు వచ్చినపుడు ఆకాశమునుండి ఆహారపు పొట్లములు జారవిడుచుచున్నారు. వరిచేలపై డ్రోనులు మందు చల్లుచున్నవి. ఈ మార్పునకు మనుష్యులు అలవాటు పడిరి. పశువుల మాట ఎవరు తలంచిరి? బెదరిన గుర్రము వలన రౌతు పడవచ్చును, బండి తిరుగబడవచ్చును, ఊరేగింపులో నడచు పసివారు దాని కాళ్ల క్రింద నలుగవచ్చును. కావున గుర్రము ఎందుకు బెదరునో, ఆ బెదరును ఎట్లు తగ్గింపవచ్చునో, అందు గ్రామ పంచాయతీ చేయదగిన పని యేమో ఈ పాఠమున తెలిసికొందము.

గూడెము విమానపు బాట

మన ప్రాంతమునకు విమానము కొత్త గాదు. 1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. కోస్తా జిల్లాల జనులకు యుద్ధము ఇంటి ముంగిటికి వచ్చినట్లయ్యెను. ఆ యుద్ధకాలముననే బ్రిటిషు ప్రభుత్వము తాడేపల్లిగూడెము చెంత విమానములు దిగుటకు పొడవైన బాటను నిర్మించెను. ఆ కాలమున ఈ సీమ రోడ్లపై మోటారు బండ్లకంటె ఎడ్లబండ్లు, జట్కాలే హెచ్చు. అనగా విమానమును, గుర్రమును ఒకే దారి చెంత కలసికొనిన కాలమది. యుద్ధము ముగిసెను, బాట మిగిలెను. నేడు అచ్చటనుండి ప్రయాణ విమానములు నడచుట లేదు.

ఇటీవలి కాలమున ఇదే కోస్తాలో వేరొక దృశ్యము కనబడినది. 2022 డిసెంబరు 29వ తేదీన, మరల 2024 మార్చి 18వ తేదీన, కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపై నిర్మించిన అత్యవసర విమానపు బాటను వాయుసేన వారు పరీక్షించిరి. విమానములు నేలకు మిక్కిలి చేరువగా ఎగిరినవి. అందుకై ముందుగనే రహదారిపై రాకపోకలను మళ్లించిరి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. ముందుగా తెలిసిన రాకకు ఏర్పాటు చేయుట కష్టము కాదు. కష్టమెల్ల చెప్పక వచ్చిన దానితోనే.

గుర్రము ఎట్లు చూచును, ఎట్లు వినును

గుర్రము గడ్డి మేయు జంతువు. దానికి కొమ్ములు లేవు, పులివలె పంజా లేదు. బయలు నేలలలో వేటజంతువులనుండి దానిని కాపాడినది దాని పరుగే. శత్రువు ఎవరో నిదానముగా విచారించి పరుగెత్తినచో ప్రాణము దక్కదు. ముందు పరుగెత్తి, పిమ్మట వెనుదిరిగి చూచుట దాని స్వభావము. వేల యేండ్లుగా మనుష్యుని చెంత పెరిగినను ఈ స్వభావము దానిని విడువలేదు. కావున బెదరు గుర్రమును పొగరుబోతని తిట్టుట అన్యాయము. అది తన జాతిని కాపాడిన బుద్ధినే చూపుచున్నది.

గుర్రపు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది తన చుట్టును దాదాపు అంతయు చూడగలదు. సరిగా ముక్కు ముందును, సరిగా తోక వెనుకను మాత్రము కొంత మేర దానికి కనబడదు. నేలబారుగా దూరమునుండి వచ్చు దానిని కనిపెట్టుటకు ఆ కన్నులు తగియున్నవి. అయితే తలపైనుండి వచ్చు దానిని చూడవలెనన్న గుర్రము తల యెత్తవలెను. కళ్లెము బిగించి, పగ్గములు లాగి పట్టిన గుర్రము స్వేచ్ఛగా తల యెత్తలేదు. బండికి కట్టిన గుర్రమునకు కంటి గంతలుకూడ నుండుటచే ప్రక్కచూపును ఉండదు. అట్టిదానికి మీదుగా పోవు విమానము చప్పుడుగా మాత్రమే తెలియును. చప్పుడు వినబడుచు, చేయునది కనబడకున్న భయము రెట్టింపగుట సహజము. చీకటిలో వినబడు చప్పుడునకు మనముకూడ అట్లే ఉలికిపడుదుము గదా.

ఇక చెవుల మాట. గుర్రము తన చెవులను రెంటిని వేరువేరుగా, ముందునకును వెనుకకును త్రిప్పగలదు. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 కంపనములవరకు గల ధ్వనులను వినును. గుర్రపు చెవి సుమారు 55 మొదలు 33,500 కంపనములవరకు వినును. అనగా మనకు వినరాని సన్నని చప్పుళ్లు దానికి వినవచ్చును. డ్రోను చేయు కందిరీగ మ్రోత మనకొక తీరుగా, గుర్రమునకు వేరొక తీరుగా వినబడుననుటలో వింత లేదు. గుర్రము ఏ దిక్కునకు చెవులు నిగుడించినదో చూచు అలవాటు గల తోలువాడు, ఆపద రాకముందే దానిని కనిపెట్టును.

మ్రోత కంటె హఠాత్తు చెడ్డది

చప్పుడు పెద్దదగుట ఒక యెత్తు, హఠాత్తుగా వచ్చుట వేరొక యెత్తు. ఒక చిన్న లెక్క చూడుడు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. గంటకు 200 కిలోమీటర్ల వేగముతో వచ్చు హెలికాప్టరు, ఒక కిలోమీటరు దూరమునుండి మన తలపైకి వచ్చుటకు 18 సెకనులు పట్టును. దాని చప్పుడు 3 సెకనులలోనే మనలను చేరును. కాబట్టి గుర్రమునకును, దానిని పట్టుకొన్నవానికిని 15 సెకనుల హెచ్చరిక లభించినది. దిగుటకు, పగ్గము చేతబట్టుటకు, దారి ప్రక్కకు తప్పుకొనుటకు ఆ వ్యవధి చాలును. గంటకు 800 కిలోమీటర్ల వేగముగల జెట్టు విమానమైనచో, అదే దూరమును నాలుగున్నర సెకనులలో దాటును. హెచ్చరిక ఒకటిన్నర సెకనే. కన్ను మూసి తెరచునంతలో చప్పుడు మీదబడును.

దిగువగా ఎగురు విమానము విషయమున మరియొక చిక్కు కలదు. కొబ్బరితోటలు, ఇండ్లు, చెరువుగట్లు అడ్డుపడి దాని చప్పుడును దగ్గరకు వచ్చువరకు ఆపివేయును. పిమ్మట ఒక్కసారిగా విడుచును. ఎత్తుగా పోవు పెద్ద విమానమును లెక్కచేయని గుర్రము, చెట్ల మీదుగా వచ్చు చిన్న హెలికాప్టరునకు తెంపుకొని పోవుటకు కారణమిదియే.

హెలికాప్టరునకు చప్పుడుతోపాటు గాలికూడ తోడగును. అది దిగునపుడు క్రిందికి కొట్టు గాలికి దుమ్ము, గడ్డిపోచలు, ప్లాస్టికు సంచులు ఎగురును. షామియానా గుడ్డలు, టార్పాలినులు పటపట కొట్టుకొనును. నేలపై నీడ పరుగెత్తును. గుర్రమునకు ఎగురు గుడ్డపీలికయే పెద్ద భూతము. ఇన్ని భయములు ఒక్కటిగా వచ్చినచో ఎంతటి సాధువైన గుర్రమైనను నిలువజాలదు.

అమెరికా దేశపు పడమటి బయళ్లలో అడవి గుర్రములను పోగుచేయుటకు అచ్చటి ప్రభుత్వ భూశాఖవారు హెలికాప్టరులనే వాడుచున్నారు. పైనుండి వచ్చు చప్పుడునకు గుర్రములు మందలుగా పారిపోవును. ఆ పారుటను ఆసరాగా గొని వానిని దొడ్లలోనికి మళ్లింతురు. బయలు నేలలో పారుటకు చోటు కలదు. మన ఊరి సందులలో, కాలువగట్లపై, జనము నిండిన వీధిలో ఆ చోటు లేదు. ఆపదయంతయు అచ్చటనే యున్నది.

ఇతర దేశముల అనుభవము

ఈ విషయమై పశువైద్యులు కొన్ని పరిశోధనలు చేసిరి. అమెరికాలోని ఫ్లారిడా విశ్వవిద్యాలయమువారు 1991లో ప్రకటించిన పరిశోధనలో, చూడి గుర్రములకు యుద్ధవిమానపు ధ్వనిని పలుమారులు వినిపించిరి. మొదట వాని గుండె వేగము హెచ్చెను, అవి బెదరి తిరుగాడెను. క్రమముగా అలవాటు పడెను. వాని చూలునకు ఆ ధ్వని వలన హాని కలుగలేదు. దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. చప్పుడు విన్నంతనే చూడి గుర్రము ఈచుకొనిపోవునని తల్లడిల్ల నక్కరలేదు. అలవాటు అనునది గుర్రమునకు సాధ్యమే. అయితే ఆ గుర్రములు బండికి కట్టబడినవి గావు, వానిపై ఎవ్వరును ఎక్కి యుండలేదు. ఒంటరిగా నున్న గుర్రము భయపడుట వేరు, మనుష్యులతో గూడియున్న గుర్రము భయపడుట వేరు.

ఆ రెండవదాని ఫలము ఎట్టిదో 2003లో ఇంగ్లండు దేశమున కనబడినది. లింకన్‌షైరు సీమలో ఒక మహిళ గుర్రముపై పోవుచుండగా, చినూకు అను పెద్ద సైనిక హెలికాప్టరు దిగువగా దాటినది. గుర్రము బెదరి ఆమెను పడవైచినది. ఆమె మరణించినది. విమానము నడుపువారికి రౌతులు ముందుగనే కనబడవలెనను తలంపుతో, గుర్రములపై పోవువారు మెరయు రంగుల పైదుస్తులు ధరింపవలెనని ఆ దేశపు అశ్వసంఘమువారు బోధించుచున్నారు. దిగువగా ఎగురు విన్యాసముల వేళలను రక్షణశాఖవారు ముందుగా ప్రకటించుచున్నారు. నింగిలోనివాడు చూడవలెను, నేలపైనున్నవానికి తెలియవలెను. ఈ రెండును జరిగిన ప్రమాదము చాలవరకు తొలగును.

స్వీడను దేశమున 2009లో ప్రకటింపబడిన ఒక పరిశోధన మిక్కిలి బోధకరమైనది. గుర్రములను నడిపించువారితోను, వానిపై ఎక్కినవారితోను, "ఈ మారు మీరు దాటునపుడు గొడుగు తటాలున తెరువబడును" అని చెప్పిరి. చెప్పిరే గాని గొడుగును తెరువలేదు. అయినను ఆ మనుష్యుల గుండె వేగము హెచ్చెను. దానితోపాటు గుర్రముల గుండె వేగమును హెచ్చెను. గొడుగు మాట గుర్రమునకు తెలియదు. తెలిసినది మనుష్యుని భయమే. పగ్గము పట్టిన చేయి వణికిన, ఆ వణుకు కళ్లెము దాక పోవునన్న మాట.

అలవాటు చేయుట ఎట్లు?

గుర్రమును చప్పుడునకు అలవాటు చేయవచ్చును. కాని ఒక్కసారిగా తీసికొనిపోయి మ్రోత నడుమ నిలబెట్టుట అలవాటు చేయుట కాదు, అది హింస. డెన్మార్కు దేశమున 2006లో రెండేండ్ల పోతు గుర్రములపై జరిగిన పరిశోధనలో, ఎగురు తెల్లని సంచికి వానిని పలు విధముల అలవాటు చేసి చూచిరి. భయపెట్టు వస్తువును కొద్దికొద్దిగా చూపుచు, ఒక మెట్టున గుర్రము నిబ్బరపడిన పిమ్మటనే తరువాతి మెట్టునకు పోయిన పద్ధతి అన్నిటికంటె మేలుగా పనిచేసెను. 2008లో ప్రకటించిన వేరొక పరిశోధనలో, అలవాటు పడిన గుర్రము తోడుగానున్న కొత్త గుర్రము తక్కువ బెదరునని తేలెను.

దీనిని మన ఊరి పద్ధతిలో ఇట్లు ఆచరింపవచ్చును. గుర్రము ఉలవలు తినుచున్న వేళ, హెలికాప్టరు చప్పుడును సెల్‌ఫోనులో గాని మైకుపెట్టెలో గాని దూరమునుండి సన్నగా వినిపింపవలెను. అది తల యెత్తి చూచి మరల మేతలో పడినచో మంచిదే. మేత మాని చెవులు నిక్కించి, ముక్కుపుటములు విప్పి నిలిచినచో, చప్పుడు మీరినదని గ్రహించి తగ్గింపవలెను. దినమునకు కొంత కొంతగా హెచ్చింపవలెను. అనుభవముగల ముసలి గుర్రమును ప్రక్కన కట్టుట మేలు. తొందర కూడదు. ఒకనాటి తొందర పది దినముల శ్రమను చెరచును.

అన్నిటికంటె ముఖ్యమైనది, బెదరిన గుర్రమును కొరడాతో కొట్టరాదు. చప్పుడు వచ్చినది, వెంటనే వీపున దెబ్బ పడినది. గుర్రము ఈ రెంటిని ఒక్కటిగా జ్ఞాపకముంచుకొనును. మరునాడు చప్పుడు విన్నంతనే దెబ్బకై బెదరును. బెదరు మాన్పుటకు కొట్టిన దెబ్బ బెదరునే నేర్పును.

చప్పుడు మీదికి వచ్చినపుడు

గుర్రము గలవారు ఈ క్రింది సంగతులు తెలిసికొనియుండవలెను. పంచాయతీవారు వీనిని ఊరేగింపులు జరుగు దినములకు ముందు జ్ఞాపకము చేయుట మంచిది.

(1) గుర్రముపై పెండ్లికుమారుడు గాని, బాలుడు గాని ఉన్నచో మొదట వారిని దింపవలెను. గుర్రమును నిలుపుట తరువాతి పని.

(2) పట్టుకొనువాడు గుర్రపు భుజము ప్రక్కన నిలువవలెను. సరిగా ముందు గాని, వెనుక గాని నిలువరాదు. ఆ రెండు చోట్లు గుర్రమునకు కనబడవు. కాలు ఆడించునది వెనుకనే, ముందుకాళ్లెత్తునది ముందునకే.

(3) పగ్గమును చేతికి చుట్టుకొనరాదు. గుర్రము లాగినచో మనుష్యుని ఈడ్చుకొనిపోవును.

(4) గుర్రమును తల యెత్తి చూడనీయవలెను. మెల్లని గొంతుతో మాటాడుచు, చోటున్న వైపునకు చిన్న చుట్టుగా నడిపింపవలెను. కదలనీయక బిగించి పట్టిన గుర్రము మరింత భయపడును.

(5) బండికి కట్టియున్నచో తోలువాడు పగ్గములు విడువరాదు. తోడున్నవాడు దిగి గుర్రపు తల చెంతకు పోవలెను.

(6) కట్టుకొయ్యకు కట్టునపుడు, ఒక కొసను లాగినంతనే విడిపోవు ముడి వేయవలెను. మొండిముడి వేసిన త్రాటితో పెనగులాడి గుర్రములు మెడకును, కాళ్లకును గాయములు చేసికొనును.

గాయమైనచో పశువైద్యశాలకు వార్త పంపవలెను. 1962 నంబరునకు టెలిఫోను చేసినచో సంచార పశువైద్య సేవ లభించును.

గేదెలు, కోళ్లు, కొల్లేటి పక్షులు

గుర్రమును గూర్చి చెప్పినది కొంతవరకు ఇతర జీవములకును చెల్లును. గేదె గుర్రమంత బెదరుబోతు గాదు. అయినను పితుకు వేళ భయము కలిగినచో పాలు ఎగచేపును. చేపు రాని గేదెను పొదుగు పిండి బాధించుట వలన లాభము లేదు. కొంతసేపు ఊరకుండి మరల ప్రయత్నింపవలెను. కోళ్ల పాకలలో చప్పుడు కలిగినపుడు కోళ్లన్నియు ఒక మూలకు పరుగెత్తి, ఒకదానిపై ఒకటి పడి ఊపిరాడక చచ్చును. అందుచే కోళ్ల పాకల మీదుగా డ్రోను నడుపరాదు.

కొల్లేటి లంకలలో సమస్య మరింత సున్నితమైనది. వరద వచ్చినపుడు పశువులను గట్లపైకి తోలి కట్టుట మన వాడుక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు హెలికాప్టరులతోను, డ్రోనులతోను జనులకు ఆహారము అందించిరి. బుడమేటి నీరు చేరునది మన కొల్లేటికే. ఇట్టి వేళలలో హెలికాప్టరు ప్రాణదాత. దానిని వలదనువారు లేరు. అయితే గట్టున కట్టిన గేదెకు ఇరుప్రక్కల నీరే. అది బెదరిన నీటిలోనే పడవలెను. కాబట్టి గట్టుపై పశువులను ఒక కొసను, పొట్లములు జారవిడుచు స్థలమును మరియొక కొసను ఏర్పరచవలెను. ఆ స్థలము పైవారికి కనబడునట్లు రంగు గుడ్డను పరచవలెను. ఇందుకు ఖర్చు లేదు, ముందుచూపు చాలును.

కొల్లేరు 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సారు ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడి నేలగా గుర్తింపు పొందినది. కైకలూరు చెంతనున్న ఆటపాకలో గూడబాతులు వేలకొలది గూళ్లు కట్టి పిల్లలను పెంచుచున్నవి. గూటిపై పొదుగు పక్షి తలపైకి డ్రోను వచ్చినచో అది గద్దయని తలంచి లేచిపోవచ్చును. అది తిరిగి వచ్చులోపల కాకులు గ్రుడ్లను తన్నుకొనిపోవును. ఎండకు పిల్లలు సోలును. ఫొటోల వేడుకకై కొందరు డ్రోనులు తెచ్చుచుందురు. అటవీశాఖ అనుమతి లేక అభయారణ్యముపై డ్రోను నెగురవేయరాదని చుట్టుపట్ల పంచాయతీలు వచ్చువారికి తెలియజెప్పవలెను.

చట్టము మన చేతికిచ్చిన సాధనము

"ఆకాశము మీది అధికారము మాకెక్కడిది?" అని సభ్యులు కొందరు అడుగవచ్చును. ఆకాశమార్గములు కేంద్ర ప్రభుత్వమువి యన్నది నిజమే. కాని నేలపై జనులకు తెలియజేయుట పంచాయతీ పనియే. పైగా 1971నాటి క్రిమిసంహారక మందుల నియమావళిలో 43వ నియమము ఒక మంచి ఆధారము. ఆకాశమునుండి మందు చల్లుటకు కనీసము 24 గంటలు ముందుగా, అధికారుల ద్వారా ప్రజలకు తెలియజేయవలెననియు, ఆ పనితో సంబంధము లేని మనుష్యులను, పశువులను నియమిత కాలమువరకు ఆ స్థలమున ప్రవేశింపనీయరాదనియు అది విధించుచున్నది. ఈ నియమము పుట్టినది మందు విషమును తలంచియే. అయినను దానిని సరిగా పాటించినచో బెదరు ప్రమాదముకూడ తొలగును. ఒకే దండోరాతో రెండు పనులు నెరవేరును.

2021నాటి డ్రోను నియమములు డ్రోనులు ఎచ్చట ఎగురవచ్చునో, ఎచ్చట అనుమతి కావలెనో మండలములుగా విభజించినవి. విమానాశ్రయములకు చేరువగానున్న గ్రామములలో కట్టడి హెచ్చు. 2023లో ప్రకటింపబడిన నమో డ్రోను దీదీ పథకము క్రింద మహిళా సంఘములకు డ్రోనులు లభించుచున్నవి. అనగా డ్రోను నడుపువారు ఇకపై ఎవరో పరాయివారు గారు, మన ఊరి ఆడపడుచులే. వారితో మాటాడి ఏర్పాటు చేసికొనుట సులభము.

పంచాయతీవారు చేయదగిన పనులు ఇవి. మందు చల్లు దినమును, వేళను, సర్వే నంబర్లను రైతు సేవా కేంద్రమునుండి ముందుగా తెలిసికొని దండోరా వేయింపవలెను, మైకులో చెప్పింపవలెను. ఊరిలో గుర్రములు, చూడి పశువులు, కోళ్ల పాకలు, బాతుల మందలు ఎచ్చటనున్నవో ఒక పట్టీ వ్రాసి ఉంచుకొనవలెను. డ్రోను లేచి దిగు స్థలము పశువుల పాకలకు దూరముగా ఉండునట్లు చూడవలెను. హెలికాప్టరు దిగు స్థలమును గూర్చి అధికారులు అడిగినపుడు, సంతను, బందెలదొడ్డిని, గడ్డివాములను తప్పించి చోటు చూపవలెను. ఆ దినమున ఊరేగింపు లున్నచో వేళ మార్పింపవలెను. మైదానమున నీరు చల్లించి దుమ్మును అణపవలెను. ఎగురగల టార్పాలినులను, రేకులను కట్టివేయింపవలెను.

ముగింపు

పై చెప్పినదంతయు ఒక్క మాటలో ఇమిడియున్నది. గుర్రమును బెదరించునది విమానము కాదు, తెలియక వచ్చిన విమానము. గుర్రమునకు మనము వార్త చెప్పలేము. దానిని పట్టుకొన్నవానికి చెప్పగలము. వానికి ముందుగా తెలిసినచో గుర్రమును పాకలో కట్టును, లేదా వేరొక దారిని పోవును, లేదా కనీసము చేయి నిబ్బరముగా ఉంచుకొనును. ఆ నిబ్బరము గుర్రమునకు అందును. దినమెల్ల గుర్రముతో తిరిగి కూలి సంపాదించువానికి ఆ గుర్రపు కాలు విరిగిన సంసారమే కుంటుపడును. అట్టివాని కొరకు ఒకనాడు ముందుగా దండోరా వేయించుట పంచాయతీకి భారము గాదు.

చర్చింపవలసిన ప్రశ్నలు

1. మీ గ్రామమున గుర్రములు, తట్టు గుర్రములు ఎన్ని కలవు? వాని యజమానులకు వార్త చేరు మార్గమేది?

2. గత పంటకాలమున డ్రోనుతో మందు చల్లునపుడు 24 గంటలు ముందుగా ప్రజలకు తెలిపిరా? తెలుపనిచో లోపము ఎచ్చట జరిగినది?

3. మీ ఊరిలో హెలికాప్టరు దిగదగిన చోటు ఏది? దాని చుట్టును పశువుల పాకలు కలవా?

4. వరద వచ్చినచో పశువులను ఏ గట్టుపైకి చేర్తురు? ఆహారపు పొట్లములు జారవిడుచుటకు ఏ చోటు చూపుదురు?

ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసి పంచాయతీ కార్యాలయమున నుంచుడు. వరద వచ్చిన నాడు వెదకుకొనుటకు వేళ యుండదు.